క్లచ్ పెడల్ కిందికి పోయిందా? గేర్‌బాక్స్ దింపే ముందు ఇవి చూడండి

ఈరోజు ఎపిసోడ్ మొజంజాహీ మార్కెట్ దగ్గర షూట్ చేస్తున్నాం. నా వెనకాల రాతి బిల్డింగు, దాని మీద గడియారం కనిపిస్తున్నాయి కదా, అదే. 1935లో కట్టారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కొడుకు మొజంజా పేరు పెట్టారు. మనందరం ఇక్కడికి ఐస్‌క్రీమ్ కోసం వస్తాం. కానీ ఇవాళ్టి పని వేరే. ఇక్కణ్నుంచి జాంబాగ్, పుత్లీబౌలి, గౌలిగూడ వైపు నడుస్తూ వెళ్తే ఆటో స్పేర్ పార్ట్స్ షాపులు కనిపిస్తాయి. అందుకే వచ్చాం.

టాపిక్ ఏంటంటే, పికప్ ట్రక్కుల్లో క్లచ్ హైడ్రాలిక్ పార్ట్స్ మార్చడం. మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్, మధ్యలో ఉండే పైపు, హోసు. ఇవి ఎలా పనిచేస్తాయి, ఎప్పుడు పోతాయి, పోయాయని ఎలా కనిపెట్టాలి, ఎలా మార్చాలి. మొత్తం చెప్తాను.

"మాకు పికప్ లేదు కదా బ్రో" అనుకునేవాళ్లు కూడా ఆగండి. ఆల్టో లాంటి చిన్న కార్లలో క్లచ్ కేబుల్‌తో నడుస్తుంది కానీ, ఇవాళ చాలా మాన్యువల్ కార్లలో హైడ్రాలిక్ క్లచ్చే ఉంటుంది. మీ ఇంట్లో కారుకి కూడా ఇదే కథ అయి ఉండొచ్చు.

ఇందులో ఎవరికి నష్టం?

ఒక్కసారి ఈ జంక్షన్ చూడండి. అటు నాంపల్లి, ఇటు అబిడ్స్, అటు అఫ్జల్‌గంజ్, ఇటు బేగంబజార్. బేగంబజార్, ఉస్మాన్‌గంజ్ హోల్‌సేల్ సరుకంతా పికప్పుల్లోనే తిరుగుతుంది. వెనకాల టన్ను లోడు, ముందు ఆటో, పక్కన బస్సు, మధ్యలో రోడ్డు దాటే జనం. డ్రైవర్ ఎడమ కాలు క్లచ్ మీద నుంచి లేచేదే లేదు.

చిన్న లెక్క వేద్దాం. ఇలాంటి ట్రాఫిక్‌లో నిమిషానికి ఐదుసార్లు క్లచ్ తొక్కుతారనుకోండి. గంటకి 300. రోజుకి నాలుగు గంటలు ఇలాంటి రోడ్ల మీదే తిరిగితే 1,200. నెలకి 25 రోజులు పని ఉంటే 30,000 సార్లు. తొక్కిన ప్రతిసారీ ఒక చిన్న రబ్బర్ సీల్ ఒక గొట్టం గోడని రుద్దుకుంటూ ముందుకీ వెనక్కీ వెళ్తుంది. దాన్ని మెకానిక్‌లు "కప్పు" అంటారు. ఆ కప్పు ఏదో ఒక రోజు అరిగిపోతుంది.

అరిగిపోయిన రోజు ఏమవుతుంది? గేర్ పడదు. బండి షెడ్డుకి వెళ్తుంది. అక్కడ తొందరపడి "క్లచ్ ప్లేట్ పోయింది, గేర్‌బాక్స్ దింపాలి" అన్నారనుకోండి. క్లచ్ సెట్టు ఖరీదు, గేర్‌బాక్స్ దింపి ఎక్కించే కూలీ, బండి షెడ్డులో ఉన్న రోజుల కిరాయి, అన్నీ పోతాయి. ఈఎంఐ మాత్రం ఆగదు. తీరా చూస్తే అసలు పోయింది బయట రెండు బోల్టుల మీద ఉన్న స్లేవ్ సిలిండర్. దాని ఖర్చుకీ, గేర్‌బాక్స్ దింపే ఖర్చుకీ ఎన్నో రెట్లు తేడా ఉంటుంది. ఇంకా ఘోరం ఏంటంటే, కొత్త ప్లేట్ వేసినా గేర్ అలాగే పడదు. ఎందుకంటే జబ్బు అక్కడ లేదు.

నేను యూట్యూబ్‌కి రాకముందు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. అక్కడ నేర్చుకున్న పాఠం ఒకటే: యాప్ క్రాష్ అయితే ముందు లాగ్ చూడాలి, ఆ తర్వాతే కోడ్ ముట్టుకోవాలి. క్లచ్‌కి కూడా లాగ్ ఉంటుంది. అది ఎక్కడుందో ఇవాళ చూపిస్తాను.

లోపల ఏం జరుగుతుంది?

ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్ ప్లేట్ ఉంటుంది. ప్రెషర్ ప్లేట్ అనేది గట్టి స్ప్రింగు బలంతో ఆ ప్లేట్‌ని ఫ్లైవీల్‌కి నొక్కి పట్టుకుంటుంది. మనం పెడల్ తొక్కితే ఆ పట్టు వదులుతుంది, ఇంజిన్ తిరుగుతున్నా గేర్‌బాక్స్‌కి పవర్ వెళ్లదు. అప్పుడు గేర్ మార్చుకోవచ్చు.

మరి కాలు బలం అంత గట్టి స్ప్రింగు దాకా ఎలా వెళ్తుంది? ఇక్కడే హైడ్రాలిక్స్ వస్తాయి. పెడల్‌కి ఒక పుష్‌రాడ్ ఉంటుంది. అది మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ని నెడుతుంది. సిలిండర్‌లో బ్రేక్ ఫ్లూయిడ్ ఉంటుంది. ఆ ఫ్లూయిడ్ పైపులోంచి, హోసులోంచి వెళ్లి గేర్‌బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ పిస్టన్‌ని నెడుతుంది. స్లేవ్ పుష్‌రాడ్ ఒక ఫోర్క్‌ని కదుపుతుంది. ఫోర్క్ రిలీజ్ బేరింగ్‌ని నెడితే, బేరింగ్ స్ప్రింగు వేళ్లని నొక్కుతుంది. అంతే, క్లచ్ విడిపోతుంది.

ఇంటర్‌లో చదివిన పాస్కల్ నియమం గుర్తుందా? మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్నిచోట్లకీ సమానంగా వెళ్తుంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఇక్కడ మన ఎడమ కాలు కింద అదే నడుస్తోంది.

కాస్త లెక్క చూద్దాం

ఒక ఉదాహరణ తీసుకుందాం. మాస్టర్ సిలిండర్ బోరు అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు, అంటే 15.9 మిల్లీమీటర్లు. స్లేవ్ బోరు ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. వైశాల్యాల నిష్పత్తి 1.44. పెడల్ లీవర్ నిష్పత్తి 6 అనుకుందాం.

మీరు పెడల్ మీద 10 కిలోల బలం పెడితే మాస్టర్ దగ్గర 60 కిలోలు అవుతుంది. స్లేవ్ దగ్గరికి వచ్చేసరికి 86 కిలోలు. బాగుంది కదా? కానీ ఫ్రీగా ఏదీ రాదు. బలం పెరిగిన కొద్దీ కదలిక తగ్గుతుంది. పెడల్ 120 మిల్లీమీటర్లు కిందికి వెళ్తే మాస్టర్ పిస్టన్ 20 కదులుతుంది, స్లేవ్ పిస్టన్ దాదాపు 14 మాత్రమే కదులుతుంది.

ఆ 14 మిల్లీమీటర్లే మొత్తం ఆస్తి. ఇప్పుడు లైనులోకి 1 మిల్లీలీటరు గాలి దూరిందనుకోండి. ద్రవాన్ని నొక్కితే కుదించుకోదు, గాలి మాత్రం కుదించుకుపోతుంది. పైన చెప్పిన బలానికి లైనులో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 30 కిలోల దాకా వెళ్తుంది. ఆ ఒత్తిడికి ఆ గాలి బుడగ దాదాపు మాయమైపోతుంది. అంటే మీరు పంపిన ఫ్లూయిడ్‌లో సుమారు 1 మిల్లీలీటరు ఆ ఖాళీ నింపడానికే ఖర్చయింది. స్లేవ్ దగ్గర దాని విలువ 3.5 మిల్లీమీటర్లు. 14లో 3.5 పోయింది, అంటే పావు వంతు!

ఒక్క మిల్లీలీటరు. మందు సీసా మూతలో అడుగున పట్టేంత గాలి. దాంతోనే రివర్స్ గేర్ "కర్‌ర్‌ర్" అంటుంది. అందుకే గేర్‌బాక్స్ దింపే ముందు ఈ లైను చూడాలి అని అంత గట్టిగా చెప్తున్నాను.

పవర్ ఎక్కువున్న పికప్పుల్లో ఇంకాస్త జాగ్రత్త

మన తెలుగు నేల మీదే తయారయ్యే ఒక పికప్ ఉంది, ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు ప్లాంటు 2016లో మొదలైంది. ఇప్పటి 1.9 లీటర్ల డీజిల్ ఇంజిన్ 163 పీఎస్ పవరు, 360 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. టయోటా హైలక్స్ 2.8 లీటర్ల డీజిల్ మాన్యువల్‌లో అయితే టార్క్ 420 న్యూటన్ మీటర్లు. అమెరికాలో 2004 నుంచి 2006 వరకు డాడ్జ్ రామ్ ఎస్ఆర్‌టీ-10 అని ఒక పికప్ అమ్మారు. వైపర్ స్పోర్ట్స్ కారు ఇంజిన్ దాంట్లో పెట్టారు. 8.3 లీటర్లు, పది సిలిండర్లు, 500 హార్స్ పవర్, ఆరు గేర్ల మాన్యువల్. పికప్ అంటే ఇలా కూడా ఉంటుందా అనిపిస్తుంది.

పాయింట్ ఏంటంటే, టార్క్ ఎక్కువైతే ప్లేట్ జారకుండా పట్టుకోవడానికి స్ప్రింగు బలం కూడా పెరగాలి. ఆ స్ప్రింగుని నొక్కడానికి లైనులో ఒత్తిడి కూడా ఎక్కువ కావాలి. కొంతమంది ఇంజిన్ రీమ్యాప్ చేయించి, దానికోసం బలమైన ప్రెషర్ ప్లేట్ వేయిస్తారు. సిలిండర్లు, హోసు మాత్రం పాతవే ఉంచుతారు. ఏళ్లు గడిచిన రబ్బర్ హోసు ఆ ఒత్తిడికి ఉబ్బుతుంది. హోసు ఉబ్బినంత మేర స్లేవ్ కదలిక తగ్గుతుంది. క్లచ్ అప్‌గ్రేడ్ చేసేవాళ్లు హోసు సంగతి కూడా చూసుకోవాలి.

రెండు జబ్బులు, రెండు లక్షణాలు

ఇది ఈ ఎపిసోడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన ముక్క. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

మొదటిది, క్లచ్ విడిపోకపోవడం. లక్షణాలు: ఇంజిన్ ఆన్‌లో ఉంటే ఫస్ట్ గేర్ గట్టిగా పడుతుంది, రివర్స్ వేస్తే గరగరమంటుంది. ఇంజిన్ ఆపేస్తే గేర్లన్నీ హాయిగా పడతాయి. పెడల్ మెత్తగా, స్పాంజిలా ఉంటుంది, లేదా నేల దాకా వెళ్లిపోతుంది. రెండు మూడుసార్లు గబగబా తొక్కితే కాసేపు బాగుంటుంది. ఇలా ఉంటే మొదటి అనుమానం హైడ్రాలిక్స్ మీదే.

రెండోది, క్లచ్ జారిపోవడం. లక్షణాలు: ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ మోత పెరుగుతుంది, స్పీడు మాత్రం పెరగదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తుంది. గేర్లు మాత్రం బాగానే పడుతుంటాయి. ఇలా ఉంటే మొదటి అనుమానం ప్లేట్ మీద.

మొదటిదానికి కూడా అప్పుడప్పుడు లోపలి కారణాలు ఉంటాయి. ప్లేట్ వంకరపోవడం, ఫోర్క్ విరగడం, ప్రెషర్ ప్లేట్ వేళ్లు దెబ్బతినడం లాంటివి. కాబట్టి అనుమానంతోనే ఆగిపోకూడదు. కొలవాలి.

ఎలా కొలవాలి? ఇంజిన్ ఆపి, బండి కదలకుండా చక్రాలకి అడ్డు పెట్టండి. ఒకరు పెడల్ పూర్తిగా తొక్కుతారు, ఇంకొకరు కింద స్లేవ్ పుష్‌రాడ్ ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో స్కేలుతో చూస్తారు. చేతివేళ్లు ఫోర్క్‌కి దూరంగా ఉంచండి. మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉన్నంత కదిలి కూడా గేర్ పడకపోతే, జబ్బు లోపలే. అప్పుడు గేర్‌బాక్స్ దింపడం న్యాయం. కదలిక తక్కువ ఉంటే గేర్‌బాక్స్‌ని ముట్టుకోనక్కర్లేదు, ముందు హైడ్రాలిక్స్ బాగుచేయాలి. లాగ్ అన్నాను కదా, ఇదే ఆ లాగ్.

డబ్బాలో లెవెల్ ఏం చెప్తుంది?

చాలామందికి తెలియని ఒక విషయం చెప్తాను. బ్రేకుల్లో ప్యాడ్లు అరిగిన కొద్దీ ఫ్లూయిడ్ లెవెల్ మెల్లగా తగ్గుతుంది. క్లచ్‌లో రివర్స్. ప్లేట్ అరిగిన కొద్దీ స్ప్రింగు వేళ్లు గేర్‌బాక్స్ వైపు జరుగుతాయి, అవి స్లేవ్ పిస్టన్‌ని వెనక్కి నెడతాయి, ఫ్లూయిడ్ తిరిగి డబ్బాలోకి వస్తుంది. అంటే లెవెల్ కాస్త పెరుగుతుంది.

కాబట్టి క్లచ్‌కి విడిగా డబ్బా ఉన్న బండిలో లెవెల్ తగ్గితే దానికి ఒకటే అర్థం, ఎక్కడో లీకు ఉంది. "కొంచెం పోసుకుని నడిపేద్దాం" అంటే లీకు ఆగదు. కొన్ని బళ్లలో బ్రేకుకీ క్లచ్‌కీ ఒకటే డబ్బా ఉంటుంది. అక్కడ క్లచ్ గొట్టం కాస్త పైన పెడతారు, క్లచ్ లీకైనా బ్రేకులకి కొంత ఫ్లూయిడ్ మిగలాలని. అయినా సరే, అలాంటి బండిలో లెవెల్ తగ్గితే దాన్ని బ్రేకు సమస్యగానే చూడండి. వాయిదా వేయొద్దు.

ఏ పార్ట్ పోయింది?

మాస్టర్ అయితే: పెడల్ పైభాగంలో పుష్‌రాడ్ దగ్గర టార్చ్ కొట్టి చూడండి. ఫోన్ ఫ్లాష్ చాలు. తడి ఉందా? కింద మ్యాట్ జిడ్డుగా ఉందా? అయితే మాస్టర్ వెనక సీలు లీకవుతోంది. బయట ఎక్కడా తడి లేదు, కానీ పెడల్ తొక్కి పట్టుకుంటే క్లచ్ మెల్లగా తనంతట తానే పట్టేసుకుంటోంది అంటే, మాస్టర్ లోపలి కప్పు దగ్గర ఫ్లూయిడ్ వెనక్కి జారిపోతూ ఉండొచ్చు.

స్లేవ్ అయితే: దాని చివర రబ్బర్ బూటు ఉంటుంది. అంచు పట్టి కాస్త లేపండి. లోపల ఫ్లూయిడ్ కారితే స్లేవ్ పోయినట్టే.

హోసు అయితే: ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు హోసుని చూడాలి. ఉబ్బితే, పగుళ్లుంటే మార్చేయండి.

ఇంకో రకం ఉంది. కొన్ని బళ్లలో స్లేవ్ సిలిండర్ బయట ఉండదు. గేర్‌బాక్స్ షాఫ్ట్ చుట్టూ గుండ్రంగా, బెల్ హౌసింగ్ లోపల ఉంటుంది. దాన్ని కాన్సెంట్రిక్ స్లేవ్ అంటారు. అది లీకైతే గేర్‌బాక్స్ దింపక తప్పదు. అప్పుడు మెకానిక్ "ఎలాగూ దింపుతున్నాం, ప్లేట్ కూడా చూద్దాం" అంటే ఆ మాట సరైనదే. కూలీ రెండుసార్లు ఇవ్వకుండా ఉంటుంది. మీ బండిలో ఏ రకం ఉందో ముందే తెలుసుకోండి.

షాపులో ఏం అడగాలి?

ఇప్పుడు ఇక్కడి షాపులకి వద్దాం. కౌంటర్ దగ్గర "పికప్ స్లేవ్ సిలిండర్ ఇవ్వండి భాయ్" అంటే సరిపోదు. ఒకే మోడల్‌లో సంవత్సరాన్ని బట్టి, ఇంజిన్‌ని బట్టి పార్ట్ మారుతుంది. మూడు తీసుకెళ్లండి: ఛాసిస్ నంబరు, పాత పార్టు, దాని మీద ఉన్న నంబరు ఫోటో. బోరు సైజు చాలావరకు సిలిండర్ మీదే అచ్చు వేసి ఉంటుంది. బోరు మారితే ఏమవుతుందో ఇందాక లెక్కలో చూశాం కదా. స్లేవ్ బోరు పెద్దదైతే పెడల్ తేలిక అవుతుంది, కానీ కదలిక తగ్గి గేర్ పడదు.

పార్టు చేతిలోకి వచ్చాక బోల్టు రంధ్రాల దూరం, పైపు నట్టు మరలు, పుష్‌రాడ్ పొడవు పాతదాని పక్కన పెట్టి చూడండి. జీఎస్టీ బిల్లు తీసుకోండి. తేడా వస్తే మార్చుకోవడానికి ఆ కాగితమే దిక్కు.

"కప్ కిట్ వేస్తే చాలు, మొత్తం సిలిండర్ ఎందుకు" అని అడుగుతారు. సిలిండర్ లోపల గోడ అద్దంలా నున్నగా ఉంటే కిట్ పనిచేస్తుంది. గీతలు, తుప్పు గుంటలు ఉంటే కొత్త కప్పు కూడా కొద్ది రోజుల్లో చిరిగిపోతుంది. అలాగే మాస్టర్, స్లేవ్ రెండూ ఒకే వయసువి, ఒకే ఫ్లూయిడ్‌లో ఉన్నవి, ఒకే లెక్కన తొక్కినవి. ఒకటి పోతే రెండోది కూడా దగ్గర్లోనే ఉంటుంది. వీలైతే రెండూ, దాంతోపాటు హోసూ ఒకేసారి మార్చడం మంచిది. బ్లీడింగ్ పని ఒక్కసారితో అయిపోతుంది.

ఫ్లూయిడ్ విషయం. డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయండి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, డాట్ 4 అయితే 230 డిగ్రీల దాకా. కానీ ఇవి గాలిలో తేమని పీల్చుకుంటాయి. తేమ పట్టాక ఆ హద్దులు 140కి, 155కి పడిపోతాయి. అందుకే షెడ్డులో మూత తీసి నెలల తరబడి పడున్న సీసా వద్దు, సీల్ ఉన్నది కొనండి. డాట్ 5 అనేది సిలికాన్ రకం, దీన్ని మిగతావాటితో కలపకూడదు. ఇంజిన్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్ అయితే చుక్క కూడా పోయొద్దు. రబ్బర్ సీళ్లు ఉబ్బిపోతాయి, అప్పుడు సిస్టమ్ మొత్తం మార్చాల్సి వస్తుంది.

మార్చే పని, వరసగా

స్లేవ్ బయట ఉన్న బండికి చెప్తున్నాను. కళ్లద్దాలు, గ్లౌజులు పెట్టుకోండి. బ్రేక్ ఫ్లూయిడ్ కంట్లో పడితే ప్రమాదం, పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది. పడితే వెంటనే నీళ్లతో కడగండి. బండి కిందికి వెళ్లాలంటే జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, స్టాండ్లు పెట్టండి.

ఒకటి. డబ్బాలో పాత ఫ్లూయిడ్‌ని సిరంజితో లాగేయండి. నల్లగా ఉందంటే రబ్బరు అరిగి కలిసిందని అర్థం.

రెండు. లోపల పెడల్ దగ్గర పుష్‌రాడ్‌ని పట్టుకున్న పిన్ను తీయండి. తీసే ముందు పుష్‌రాడ్ పొడవు కొలిచి ఫోటో తీసుకోండి.

మూడు. ఇంజిన్ వైపు పైపు నట్టు విప్పండి. దీనికి మామూలు పానా వాడితే నట్టు మూలలు అరిగిపోతాయి. ఫ్లేర్ నట్ పానా వాడండి, అది నట్టుని దాదాపు చుట్టూ పట్టుకుంటుంది. తర్వాత మాస్టర్ బోల్టులు తీసి బయటికి లాగండి.

నాలుగు. కొత్త మాస్టర్‌ని బిగించే ముందు చేతిలోనే ఫ్లూయిడ్ నింపి, పిస్టన్‌ని మెల్లగా నెట్టి గాలి తీసేయండి. ఐదు నిమిషాల పని. తర్వాత గంట ఆదా.

ఐదు. కింద స్లేవ్ పైపు, రెండు బోల్టులు విప్పండి. స్లేవ్ బయట ఉన్నప్పుడు ఎవరూ పెడల్ తొక్కకూడదు, పిస్టన్ బయటికి ఎగిరిపోతుంది. డ్రైవర్ డోర్ మూసేసి పక్కన పెట్టండి.

ఆరు. కొత్త స్లేవ్ వేసేటప్పుడు రాగి వాషర్లు ఉంటే కొత్తవే వేయండి. పుష్‌రాడ్ కొన మీద కొంచెం గ్రీజు చాలు. ఆ గ్రీజు రబ్బరుకి తగలకూడదు. కొన్ని స్లేవ్‌లకి ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. దాన్ని కోయొద్దు, మొదటిసారి పెడల్ తొక్కినప్పుడు అదే తెగుతుంది.

బ్లీడింగ్

గాలి తీసే పని. ఇద్దరు కావాలి. స్లేవ్ మీద బ్లీడర్ నిపుల్‌కి పారదర్శకమైన గొట్టం తగిలించి, దాని రెండో కొన ఫ్లూయిడ్ ఉన్న సీసాలో ముంచండి.

కింద ఉన్నవాళ్లు చెప్తారు, పైన ఉన్నవాళ్లు వింటారు. "తొక్కు." మెల్లగా తొక్కాలి. "పట్టుకో." నిపుల్ విప్పాలి, బుడగలతో ఫ్లూయిడ్ వస్తుంది. నిపుల్ బిగించాలి. "వదులు." ఈ వరస తప్పకూడదు. నిపుల్ తెరిచి ఉండగా పెడల్ వదిలితే గాలి మళ్లీ లోపలికి లాగేస్తుంది. డబ్బా మధ్యలో ఖాళీ కాకుండా చూసుకోవాలి, ఖాళీ అయితే మళ్లీ మొదటి నుంచే.

ఎంత చేసినా పెడల్ మెత్తగానే ఉందా? నిపుల్ స్లేవ్‌లో అన్నిటికంటే పైన ఉందో లేదో చూడండి. గాలి పైకే పోతుంది కదా, నిపుల్ కిందుంటే గాలి లోపలే ఉండిపోతుంది. ఇంకో దారి, పెద్ద సిరంజితో కింద నిపుల్ నుంచి పైకి ఫ్లూయిడ్ మెల్లగా నెట్టడం. బుడగలు వాటంతటవే డబ్బాలోకి వచ్చేస్తాయి. డబ్బా పొంగకుండా మాత్రం ఒకరు చూస్తుండాలి.

ఫ్రీ ప్లే మర్చిపోవద్దు

ఇక్కడ చాలామంది పని అయిపోయిందనుకుని వెళ్లిపోతారు. పెడల్ పైన కొంచెం వదులు కదలిక ఉండాలి. చాలా బళ్లలో 5 నుంచి 15 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి అంకె మాన్యువల్‌లో చూడండి.

ఎందుకు? మాస్టర్ లోపల డబ్బాకి వెళ్లే ఒక చిన్న రంధ్రం ఉంటుంది. కాలు తీసినప్పుడు పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చి ఆ రంధ్రం తెరుచుకోవాలి. పుష్‌రాడ్ ఎక్కువ పొడవు పెడితే రంధ్రం మూసుకునే ఉంటుంది. ఫ్లూయిడ్ వేడెక్కి వ్యాకోచిస్తే వెనక్కి వెళ్లే దారి ఉండదు. మీరు కాలు తీసేసినా క్లచ్ కొంచెం తొక్కినట్టే ఉంటుంది. ప్లేట్ జారుతుంది, కాలుతుంది. హైడ్రాలిక్స్ బాగుచేయడానికి వెళ్లి మంచి ప్లేట్‌ని కాల్చుకున్నట్టు అవుతుంది.

ఇప్పుడు టెస్ట్

హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేక్ తొక్కి, ఇంజిన్ స్టార్ట్ చేయండి. క్లచ్ పూర్తిగా తొక్కి ఐదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. చాలా గేర్‌బాక్సుల్లో రివర్స్‌కి సింక్రో ఉండదు, అందుకే క్లచ్ సరిగా విడిపోకపోతే రివర్సే ముందు అరుస్తుంది. చప్పుడు లేకుండా పడితే మంచి సంకేతం. ఇప్పుడు గేర్‌లోనే క్లచ్ తొక్కి ఒక నిమిషం పట్టుకోండి. బండి ముందుకో వెనక్కో లాగుతున్నట్టు అనిపించకూడదు. మర్నాడు పొద్దున్నే లెవెల్, తడి మళ్లీ ఒకసారి చూడండి.

ట్రాఫిక్ మధ్యలో పోతే?

ఇదే జంక్షన్‌లో పెడల్ నేలకి అంటుకుపోయిందనుకోండి. హజార్డ్ లైట్లు వేయండి. పాదంతో పెడల్‌ని పైకి లాగి రెండు మూడుసార్లు పంపు చేస్తే ఒక్క గేర్ పడేంత ఒత్తిడి రావచ్చు. రాకపోతే ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, నలుగురి సాయంతో పక్కకి నెట్టించండి. ఇంజిన్ ఆపి ఫస్ట్ గేర్ వేసి సెల్ఫ్ కొడితే బండి కదులుతుంది, నిజమే. కానీ అది ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. ఇంతమంది జనం నడిచే చోట ఆ పని వద్దే వద్దు.

మీరు స్వయంగా చేయకపోయినా

అందరూ బండి కింద దూరాలని నేను చెప్పట్లేదు. మంచి మెకానిక్ ఉంటే ఆయనకే ఇవ్వండి. కానీ ఈ మూడు ప్రశ్నలు అడగండి.

"అన్నా, స్లేవ్ పుష్‌రాడ్ ఎంత కదులుతోందో చూశారా?"

"లీకు ఎక్కడుందో ఒకసారి చూపిస్తారా?"

"ఏ ఫ్లూయిడ్ పోస్తున్నారు, సీల్ ఉన్న సీసానేనా?"

పని తెలిసిన ఉస్తాద్ ఈ ప్రశ్నలకి కోపం తెచ్చుకోడు, టార్చ్ తీసి చూపిస్తాడు. కొలవకుండానే గేర్‌బాక్స్ దింపుదాం అంటే మాత్రం, ఇంకొక చోట చూపించుకోండి. మీ నాన్నగారో, బాబాయో, పక్కింటి అన్నో పికప్ నడుపుతుంటే ఈ మూడు ప్రశ్నలు వాళ్లకి వాట్సాప్ చేయండి. రెండు రోజుల కిరాయి మిగలొచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో హాఫ్ క్లచ్ గురించి మాట్లాడదాం. రెడ్ సిగ్నల్ దగ్గర గేర్‌లో ఉంచి క్లచ్ తొక్కుకుని నిలబడితే రిలీజ్ బేరింగ్‌కి ఏమవుతుందో విప్పి చూపిస్తాను. అప్పటిదాకా జాగ్రత్తగా నడపండి. ఉంటాను మరి.